ఒక్కపొద్దు చీటీ

ఎలుక చచ్చిపోయిందని రాయడానికి నాకు అర నిమిషం పట్టేది. తుపాకీ ఆకారంలో ఉండే థర్మామీటరును దాని పొట్టకు గురిపెట్టి మీట నొక్కాలి. అంకె రాకపోతే వేలితో ఒకసారి కదపాలి. కదలకపోతే రిజిస్టరులో ఎర్ర సిరాతో పెట్టె నంబరు, తేదీ, సమయం, పక్కన ‘డెడ్’ అని ఇంగ్లీషులో ఒక మాట, కింద నా సంతకం. చేతి తొడుగులు విప్పి బుట్టలో పడేసి టీకి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు ఆ అర నిమిషం గుర్తొస్తే భయమేస్తుంది. ఇంట్లో పెరుగు గిన్నె కోసం ఫ్రిజ్ తలుపు పట్టుకున్నా ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది. మా అమ్మ చూసి, “అందులో దయ్యం ఉందా ఏమిటే?” అంటుంది. ఉందని ఆమెకు చెప్పలేదు.

అప్పుడు నేను నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న పరిశోధనశాలలో కాంట్రాక్టు మీద పనిచేసేదాన్ని. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర షేర్ ఆటో ఎక్కితే మొదట బిస్కెట్ల వాసన వచ్చే మలుపు, తర్వాత రంగుల వాసన వచ్చే మలుపు. రెండోదాని దగ్గర దిగేదాన్ని. కింది అంతస్తులో మందు సీసాలకు చీటీలు అంటించే కంపెనీ, పైన మేము. మేమంటే ముగ్గురం: పరిశోధన నడిపించే సారు, ఆయన కింద నేను, జంతువుల గది చూసుకునే అక్క. మిగతావాళ్ళు లేకపోలేదు కానీ వాళ్ళ బల్లలు వేరు, వాళ్ళ గొడవలు వేరు.

మా గొడవ తిండికీ ఒంటి వేడికీ మధ్య ఉన్న లంకె గురించి. కడుపు నిండా తిన్న జీవి ఎంత వేడి పుట్టిస్తుంది, తిండి తగ్గిస్తే ఆ వేడిని ఎక్కడ ఆదా చేసుకుంటుంది, ఇదీ సారు ప్రశ్న. దానికోసం పన్నెండు తెల్లటి చిట్టెలుకలు ఉండేవి. ఆరింటికి ఎప్పుడంటే అప్పుడు తినేటంత దాణా. మిగతా ఆరింటికి సాయంత్రం ఐదింటికి ఒక్కసారి, ఒక్క చిన్న గిన్నెడు. ఏది ఎంత తిందో తూచాలి కాబట్టి ఒక్కోదాన్నీ ఒక్కో పెట్టెలో విడిగా ఉంచాం. నిజానికి ఎలుకలు గుంపుగా పడుకునే జీవాలు. చలేస్తే ఒకదాని కింద ఒకటి దూరిపోతాయి. మా గదిలో ఏసీ ఎప్పుడూ ఒకే చలిలో ఉండేది, వాటికి దూరడానికి ఎవరూ ఉండేవారు కాదు. పెట్టె అడుగున పరిచిన పొట్టును మూలకు పోగేసుకుని అందులో ముక్కు దాచుకునేవి.

థర్మామీటరు సంగతి కూడా చెప్పాలి. కరోనా రోజుల్లో గేటు దగ్గర వచ్చేవాళ్ళ నుదుట పెట్టిన తుపాకీయే అది. మనుషుల జ్వరం చూడ్డానికి చేసింది. మరీ చల్లగా ఉన్నదాని మీద పెడితే అంకె చూపించదు, ‘లో’ అని ఇంగ్లీషులో రెండక్షరాలు చూపిస్తుంది. గోడ మీద పెట్టినా అంతే, స్టీలు బల్ల మీద పెట్టినా అంతే. ఎలుకలకు పనికొచ్చే మంచి పరికరం కొనమని సారు రాసిన కాగితం ఏదో ఒక బల్ల మీద పడి ఉండేది. ఈలోగా దీంతోనే నెట్టుకొస్తున్నాం.

అక్కకు నలభై ఐదేళ్ళు ఉంటాయేమో. జనగామ వైపు నుంచి వచ్చి నాచారంలోనే గది అద్దెకు తీసుకుని ఉండేది. బిస్కెట్ల ఫ్యాక్టరీలో పదేళ్ళు ప్యాకింగు చేసి, నడుం నొప్పి వచ్చి, మనుషులను పనికి పంపే ఒక ఏజెన్సీ ద్వారా మా దగ్గరికి వచ్చింది. భర్త లారీల మీద సరుకు ఎక్కించే పనిలో వెన్ను విరగ్గొట్టుకుని ఇంట్లో పడుకుని ఉన్నాడు. ఆమె జీతం ఒక్కటే ఆ ఇంటికి పొయ్యి వెలిగించేది. ఆ మాట ఆమె ఏడుస్తూ చెప్పలేదు, ఎలుకల పెట్టెలు కడుగుతూ చెప్పింది. నన్ను ‘మేడం’ అని మొదలుపెట్టి నెల తిరగకుండానే ‘బిడ్డా’ అనేసింది. “నువ్వు పెద్ద సదువు సదివేది నా ఎలుకల మీదనే గద. నాకు మిఠాయి గూడ పెట్టవా ఏంది?” అని ఆటపట్టించేది. పెట్టెలు శుభ్రం చేసేటప్పుడు ఒక్కో ఎలుకనూ అరచేతిలోకి తీసుకుని, “జర ఆగు తల్లీ, ఇల్లు ఊడ్సి ఇస్త” అని దానికి చెప్పేది.

నా కోపం గురించి కూడా ముందే చెబితే మంచిది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒకే మాట రెండుసార్లు అడిగితే చాలు, మొహం మీద కొట్టినట్టు జవాబిస్తాను. “నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఈ లెక్కన నీకు ఏ ఊరూ అచ్చిరాదమ్మాయ్” అనేవారు నాన్న. మాది గుంటూరు వైపు. నాన్నకు ఇక్కడ కేంద్ర ప్రభుత్వ సంస్థలో ఉద్యోగం కావడంతో హబ్సిగూడ క్వార్టర్స్‌లో పెరిగాను. అందుకే నాకు రెండు తెలుగులూ వచ్చని గొప్ప. ఆ గొప్పే నా కొంప ముంచింది.

అక్క ప్రతి శనివారం ఒక్కపొద్దు ఉండేది. మధ్యాహ్నం నేను డబ్బా విప్పి, “రండక్కా, వంకాయ కూర” అంటే, “నేను తినను బిడ్డా, ఒక్కపొద్దున్న” అనేది. మా అమ్మ కూడా శనివారాలు ఒకే పూట భోంచేస్తుంది. దాన్ని మా ఇంట్లో ఒంటిపూట అంటాం. అక్క కూడా రాత్రి ఇంటికెళ్ళి తింటుందనుకున్నాను. ఒక్క పొద్దు అంటే ఒక్క పూట, అర్థం మాటలోనే ఉందిగా! ఎవరినీ అడగలేదు. అడిగే అలవాటు ఉంటే కదా.

రోజుకు ఒక్కసారే తినే ఆరు ఎలుకల పెట్టెలకు ఏదో ఒక గుర్తు ఉండాలని సారు అన్నప్పుడు నాకు ఆ మాట తట్టింది. ఆరు ఎర్ర అట్టముక్కలు కత్తిరించి, వాటిమీద తెలుగులో ‘ఒక్కపొద్దు’ అని రాసి పెట్టెలకు వేలాడదీశాను. అక్కకు ఇంగ్లీషు చదవడం రాదు, తెలుగు వచ్చు. చీటీలు చూసి ఆమె పడిపడి నవ్వింది. “ఓ యవ్వ! ఎలుకలకు గూడ ఒక్కపొద్దా? వీటికేం మొక్కున్నది బిడ్డా?” సారు కూడా నవ్వారు. ఆ రోజంతా నేను చాలా తెలివైనదాన్నని అనుకుంటూ తిరిగాను.

అక్క పని పొద్దున ఎనిమిది నుంచి నాలుగు దాకా. ఎర్ర చీటీ పెట్టెల్లో దాణా వేసేది ఐదింటికి, నేనే. ఆదివారాలు ఆమె ఒక పూట వచ్చి నీళ్ళు మార్చి వెళ్తుంది, సాయంత్రం నేనొక గంట వచ్చి దాణా తూచి వెళ్తాను. అంటే ఆ ఆరింటికీ నేను తిండి వేయడం ఆమె కళ్ళతో ఎప్పుడూ చూడలేదు. ఇది నాకు తర్వాత తట్టింది. తర్వాత తట్టినవి చాలా ఉన్నాయి.

మొదటి ఆరు వారాల్లో ఎర్ర చీటీ పెట్టెల్లో నాలుగు ఎలుకలు పోయాయి. ఒక్కోటీ ఒక్కో రోజు పొద్దున ముద్దగా, చల్లగా పడి ఉండేవి. తుపాకీ పెడితే ‘లో’. వేలితో కదిపితే కదలవు. సంచిలో కట్టి ఫ్రీజర్‌లో పెట్టి, రాసేశాను. “తక్కువ తిండి మీద ఉన్నవి కదా, ఒకటీ అరా పోతాయి” అన్నారు సారు, రిజిస్టరు మీద సంతకం పెడుతూ. వాటి స్థానంలో కొత్తవి తెచ్చి పెట్టాం.

ఆ శనివారం నాకు తొందర. మర్నాడు పోచారంలో స్నేహితురాలి గృహప్రవేశం. పొద్దున్నే వెళ్ళి పొద్దుపోయాక గానీ రాను. ఆదివారం దాణా అక్కకే అప్పగించాలనుకున్నాను. మూడున్నరకు ఆమె చేతులు కడుక్కుంటుంటే చెప్పాను. ఫోనులో స్నేహితురాలు, బయట ఎవరో పిలుస్తున్నారు, నేను ఒక చెవితో ఇటు, ఒక చెవితో అటు.

“అక్కా, రేపు నేను రాను. మామూలు పెట్టెలకు మామూలే. ఎర్ర చీటీవాటికి ఒక్కపొద్దు. తెలుసుగా?”

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆగింది. “రేపంత గూడ ఒక్కపొద్దేనా బిడ్డా? పాపం గద, గవి మస్తు సన్నగైనయి.”

“అవునక్కా, ఒక్కపొద్దే! ఎన్నిసార్లు చెప్పాలి మీకు? చెప్పింది చెయ్యండి చాలు!”

ఆమె మొహం చిన్నబోయింది. “సరే తియ్యి” అని చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను మళ్ళీ ఫోనులో పడ్డాను. ఐదింటికి దాణా తూచి వేసి నేనూ వెళ్ళిపోయాను.

సోమవారం తొమ్మిదికి జంతువుల గది తలుపు తీశాను. మామూలు పెట్టెల్లో గోకుడు, పరుగులు. ఎర్ర చీటీలవైపు చప్పుడు లేదు. మొదటి పెట్టె తీసి చూశాను. ఎలుక మూలలో ఉండచుట్టుకుని ఉంది. తుపాకీ పెట్టాను. లో. కదిపాను, కదల్లేదు. రెండోది, లో. మూడోది కూడా లో. ఆరోదాని దాకా అన్నీ లో. దాణా గిన్నెలు ఆరూ ఖాళీ. అడుగున కాస్త పాత పొడి, అంతే. శనివారం నేను వేసినవి తిన్న తర్వాత వాటిలో కొత్తగా ఏమీ పడలేదు.

నాకు ముందు వచ్చింది భయం కాదు, కోపం. ‘ఈవిడ దాణా వెయ్యలేదు! ఒక్క రోజు, ఒక్క రోజు నేను లేకపోతే!’ ఆరు వారాల లెక్కలు గంగలో కలిశాయి. ఏదైనా చచ్చిపోయిందని రాసేముందు దాన్ని వెచ్చని చోట పెట్టి కాసేపు చూడాలనీ, ఊపిరి లేదని రూఢి చేసుకోవాలనీ గోడ మీద కాగితం అంటించి ఉంది. నేను అంటించిందే. ఆ కాగితం పక్కనే నిలబడి ఐదింటిని ఒక్కొక్కటిగా పసుపుపచ్చ సంచిలో వేసి మూతి ముడి వేసి, వసారాలో ఉన్న డీప్ ఫ్రీజర్‌లో పెట్టాను. ఆరోదాన్ని మాత్రం ఒక పళ్ళెంలో పెట్టి పక్క గదిలో బల్ల మీద ఉంచాను, సారు కోసి చూస్తారని. సామాన్లను ఆవిరి పట్టే యంత్రం ఆ గదిలోనే ఉంటుంది. సోమవారం పొద్దున్నే అది నడుస్తుంది కాబట్టి ఆ గది వెచ్చగా ఉంటుంది.

రిజిస్టరులో ఆరు ఎర్ర గీతలు. తొమ్మిది ఇరవై. సంతకం.

సారు పదింటికి వచ్చారు. ఆయన అరిచే మనిషి కాదు, ఆ రోజు అరిచారు. అక్కను పిలిపించారు. “ఏమ్మా, నిన్న వీటికి దాణా వేశావా లేదా?”

“ఎయ్యలే సార్. మేడం చెప్పినట్టే జేసిన.”

సారు నావైపు చూశారు. “నేను రోజుకు ఒకసారి వెయ్యమనే చెప్పాను సార్” అన్నాను. అప్పటికి నేను అదే నమ్ముతున్నాను. అయినా ఆ మాట అంటున్నప్పుడు నేను అక్క మొహం చూడలేదు, ఎందుకో తెలియదు. అక్క నావైపు చూస్తూ ఉండిపోయింది. సారు ఏజెన్సీకి ఫోను చేసి, “రేపటినుంచి వేరే మనిషిని పంపండి. నాలుగింటికి మీ సూపర్‌వైజరును ఒకసారి రమ్మనండి” అన్నారు. అక్క పక్కనే నిలబడి విన్నది. “సార్, ఇంట్ల ఆయన లేవడు సార్” అని మాత్రం అంది. సారు అప్పటికే గదిలోకి వెళ్ళిపోయారు.

పన్నెండు దాటాక పక్క గదిలోంచి అక్క కేక వినిపించింది. పరిగెత్తాను. ఆమె బల్ల ముందు నిలబడి ఉంది, చెయ్యి నోటిమీద.

“బిడ్డా, ఇది సావలే.”

పళ్ళెంలో ఎలుక మీసం కదులుతోంది. నేను చూస్తుండగానే దాని వీపు మీద వణుకు పుట్టింది, ఆగింది, మళ్ళీ పుట్టింది. ఒక కాలు సాచింది. అక్క దాన్ని అరచేతుల్లోకి తీసుకుని నోటితో వెచ్చగా ఊదింది. “లే తల్లీ, లే. సల్లగైనవు గద, గంతే. లే.” కొంచెంసేపటికి అది కళ్ళు తెరిచింది. నల్లటి చుక్కల్లాంటి రెండు కళ్ళు నన్నే చూస్తున్నాయనిపించింది.

నాకు ఎక్కడో చదివిన పేజీ గుర్తొచ్చింది. తిండి దొరకని చిట్టెలుక ఒంటి వేడిని తానే తగ్గించేసుకుంటుంది. గుండె నెమ్మదిస్తుంది, ఊపిరి ఎప్పుడో ఒకటి. ముట్టుకుంటే శవంలా ఉంటుంది. శవం కాదు. పొయ్యిలో నిప్పు ఆరకుండా బూడిద కప్పి ఉంచినట్టు ప్రాణాన్ని దాచుకుంటుంది. దానికి టార్పర్ అని పేరు. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నకు రాశాను కూడా. నేను పనిచేస్తున్నదే ఆ విషయం మీద, నా కళ్ళ ముందే అది జరిగితే నేను దాన్ని సంచిలో వేసి ముడి వేశాను.

“ఇది బతికితే మరి అవి...” అని అక్క ఏదో అంటోంది. నేను అప్పటికే వసారాలో ఉన్నాను.

ఫ్రీజర్ మూత ఎత్తడానికి రెండు చేతులూ పెట్టాల్సి వచ్చింది. వాటిని అందులో పెట్టి మూడు గంటలు కావస్తోంది. లోపల ఏమి ఉంటుందో తెలుసు, అయినా చూడాలి. చూడకుండా మూత దించేసి ఇంటికి వెళ్ళిపోదామా అని కూడా అనిపించింది, అబద్ధం ఎందుకు. సంచి తీశాను. ముడి అలాగే ఉంది. విప్పాను.

నేను వాటిని ఒక్కొక్కటిగా వేశాను. ఇప్పుడు ఐదూ ఒక మూల ఒకే ముద్దగా ఉన్నాయి. ఒకదాని ముక్కు ఇంకోదాని పొట్ట కింద. గట్టిగా, మంచుగడ్డల్లా.

సంచి కదా, జారి ఉంటాయి. సంచిలో వేసినవి అడుగున ఒకచోటికే చేరతాయి. ఈ మాట అప్పటినుంచి ఇప్పటిదాకా ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో లెక్క లేదు. నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు. ముడి వేసి, సంచిని అక్కడే పెట్టి, మూత దించి, నేల మీద కూర్చుండిపోయాను. నా పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నాచారం ఎండ కిటికీలోంచి నేరుగా నా ఒళ్ళో పడుతోంది.

అక్క వచ్చి నా పక్కన కూర్చుంది. ఎలుకను చిన్న డబ్బాలో దూదిలో పెట్టి తెచ్చింది. ఫ్రీజర్ వైపు చూసింది కానీ ఏమీ అడగలేదు. నేనే అడిగాను. “అక్కా, నిన్న ఎందుకు దాణా వెయ్యలేదు?”

“నువ్వు ఒక్కపొద్దు అన్నవు గద?”

“ఒక్కపొద్దు అంటే ఒక పూట తినడమే కదా?”

ఆమె నన్ను వింతగా చూసింది. “ఒక్కపొద్దుంటే ముద్ద ముడ్తరా బిడ్డా? శనారం నేను నీళ్ళు దప్ప ఏది ముట్ట. ఐతారం తానం జేసి, దీపం వెట్టి అప్పుడు ఇడుస్త. నువ్వు పొద్దుమీకి అచ్చి వీటి ఒక్కపొద్దు ఇడిపిస్తున్నవనుకున్న రోజు. అందుకే అడిగిన గద, రేపంత గూడనా అని.”

అడిగింది. నిజమే, అడిగింది. ఎన్నిసార్లు చెప్పాలని కసిరాను. ఒంటిపూట అని రాసి ఉంటే ఆమెకు తెలిసేది. ఒంటిపూట బడులు ఎరగనివాళ్ళు ఈ రాష్ట్రంలో ఎవరున్నారు! మా అమ్మ మాట నా నోట్లోనే ఉండగా నేను ఎవరి మాటో తెచ్చుకుని, అర్థం నాకిష్టమొచ్చినట్టు పెట్టుకుని, చీటీ కట్టాను.

అప్పుడు మొదలైంది అసలు భయం. పొద్దుటి నుంచి తప్పు ఆమెది. ఇప్పుడు రెండు తప్పులూ నావే. ఆకలితో మాడ్చిందీ నేనే, ఫ్రీజర్‌లో పెట్టిందీ నేనే. సారుకు చెబితే విషయం ప్రయోగాల్లో జంతువుల బాగోగులు చూసే కమిటీకి వెళ్తుంది. మార్చిలో నా కాంట్రాక్టు పొడిగించాలి, పీహెచ్‌డీ సీటుకు సారు సిఫారసు ఉత్తరం రాసివ్వాలి. బతికున్నవాటిని గడ్డకట్టించిన మనిషికి ఎవరు ఉత్తరం రాస్తారు? చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఒకటి బతికింది, మిగతావి ఆకలితో పోయాయి, అంతే. దాణా వెయ్యని మనిషి ఎలాగూ వెళ్ళిపోతోంది. దొంగకు తేలు కుట్టినట్టు నా బల్ల దగ్గర నోరు మూసుకుని కూర్చున్నాను. గడియారం ఒకటిన్నర, రెండు, రెండున్నర. రెండుసార్లు సారు గది దాకా వెళ్ళి మంచినీళ్ళకు వచ్చినట్టు వెనక్కి వచ్చాను.

మూడున్నరకు అక్క తాళాలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఎలుక ఉన్న డబ్బా కూడా.

“దీనికి నీళ్ళు వట్టిన, జరంత దాణా నాన్పి పెట్టిన. తింటున్నది. సూస్కో బిడ్డా.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “కడుపు మాడ్సి ఐదు ప్రాణాలు దీసిన నా చేతులతోని. నేనింకో మాట అడగాల్సింది. నువ్వు కోపానికొస్తవని ఊకున్న.”

నేను కోపానికొస్తానని ఊరుకుంది. ఈమె ఈ ఐదు చావులను మోసుకుని ఇంటికి వెళ్తుంది, అక్కడ మంచం మీద ఉన్న మనిషికి పని పోయిందని చెబుతుంది, వచ్చే శనివారం ఆ పాపం పోవడానికి ఇంకో ఒక్కపొద్దు ఉంటుంది. ఆమె అవన్నీ చేసే మనిషేనని నాకు తెలుసు. “ఇక్కడే ఉండండి, కదలొద్దు” అని చెప్పి, ఈసారి మంచినీళ్ళవైపు చూడకుండా సారు గదిలోకి వెళ్ళాను.

ఎలా చెప్పానో గుర్తు లేదు. కుర్చీ వీపును పట్టుకుని నిలబడ్డానని గుర్తుంది. చీటీ సంగతి, కసిరిన సంగతి, పళ్ళెంలో ఎలుక సంగతి చెప్పాను. మిగతా ఐదింటినీ సంచిలో కట్టి ఫ్రీజర్‌లో పెట్టానన్నాను. సారు ఒక్కటే అడిగారు.

“సంచిలో వేసే ముందు ఎంతసేపు చూశావు?”

“అర నిమిషం సార్.”

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “ఆ తుపాకీ పనికిరాదని నాకు ముందే తెలుసు” అన్నారు. “తెలిసే సంతకాలు పెట్టాను.” ఏజెన్సీకి ఫోను చేసి, మనిషిని మార్చక్కర్లేదనీ, పొరపాటు మా వైపుదనీ చెప్పారు. నాతో, “వెళ్ళి రిజిస్టరు సరిదిద్దు. జరిగింది జరిగినట్టు రాయి. కమిటీకి నేను పంపుతాను” అన్నారు. మార్చిలో నా కాంట్రాక్టు పొడిగించలేదు. దానికి నాకు బాధ లేదని చెప్పను, ఉంది. అక్క మాత్రం ఇప్పటికీ అక్కడే పనిచేస్తోంది.

బయటికి వచ్చి ఆమెకు పని పోలేదని చెప్పాను. ఆమె గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. “సల్లగుండు బిడ్డా” అంది. ఆ దీవెన విని నా వీపు మీద చన్నీళ్ళు పోసినట్టయింది.

రిజిస్టరు తెరిచి రాయడం మొదలుపెట్టాను. ఆరోదాని గీత కొట్టేసి, బతికి ఉంది అని రాశాను. మిగతా ఐదింటి ఎదురుగా కారణం రాయాలి. పెన్ను కదల్లేదు. అక్క నా భుజం మీదుగా చూస్తోంది.

“ఏం రాస్తున్నవ్ బిడ్డా? నా పేరు రాసినవా?”

“లేదక్కా. నీ పేరు లేదు.” నాకు తెలియకుండానే ఆమె మాటలోకి దిగిపోయాను. “ఇవి ఆకలికి సావలే. ఇవి గూడ దానిలెక్కనే బతికున్నయి. నాకు తెల్వక ఫ్రీజర్ల వెట్టిన. నేనే సంపిన.”

ఆమె ఫ్రీజర్ ఉన్న వసారా వైపు ఒకసారి చూసింది. తర్వాత నా ముందునుంచి రిజిస్టరు తనవైపు లాక్కుంది. ఆమెకు ఇంగ్లీషు రాదు, కానీ ఎర్ర సిరా ఎర్ర సిరాయే. వేలు నాలుకకు అద్దుకుని ఒక్కో పేజీ వెనక్కి తిప్పింది. పోయిన వారం. అంతకుముందు వారం. నాలుగు చోట్ల ఆగింది. చివరికి మొదటి ఎర్ర గీత మీద వేలు పెట్టి నావైపు తిరిగింది.

“మరి గివి, బిడ్డా?”

ఆమె నన్ను నిలదీయడం లేదు. నాకు తెలిసి ఉంటుందనుకుని, నిజంగానే అడుగుతోంది.